పెద్దమ్మ పాటకు ఏ గడియారం

నా గొంతు రోజూ మేట్టుపాళయం ఫ్యాక్టరీలకు పనికి వెళ్తుంది. నేను మాత్రం సారం అనే పేటలో మా ఇంట్లోనే ఉంటాను. అక్కడి ఫ్యాక్టరీల్లో "హెల్మెట్ పెట్టుకోండి, పసుపు గీత దాటకండి" అని తమిళంలోనూ తెలుగులోనూ స్పీకర్లలో వినిపించే ఆడగొంతు నాదే. షిఫ్టు మారిన ప్రతిసారీ ఎంతోమంది ఆ మాట విని గీత దగ్గర ఆగుతారట. ఇంట్లో నా మాట విని ఆగినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఈ పని కోసం మా ముందుగదిని రికార్డింగు గదిగా మార్చుకున్నాను. గోడలకు బొంతలు వేలాడదీశాను, కిటికీకి పాత పరుపు ఆనించాను. బల్లమీద కంప్యూటరు, పక్కన ఒక చిన్న పెట్టె, దానికి ఒక మైకు. మైకులోంచి వచ్చే గొంతును అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించడం ఆ పెట్టె పని. అది గొంతును సన్నటి ముక్కలుగా కోస్తుంది, సెకనుకు కొన్ని వేల ముక్కలు. ఎంత వేగంగా కోయాలో చెప్పడానికి దాని కడుపులో ఒక గడియారం ఉంటుంది. అది ఉన్నట్టు నాకు తెలుసుగానీ దాన్ని గురించి ఆలోచించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఒంటికాపురంలో ఎవరి మాట చెల్లాలన్న తగవు ఉండదు కదా. ఆ తగవు పెద్దమ్మ పాటతో మా ఇంటికి వచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మా వెనక వీధిలోనే ఉంటుంది. మావాళ్లు ఈ తమిళ నేలమీద ఎన్ని తరాలుగా ఉన్నారో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. తెలుగు మా ఇళ్లలో నోటికే పరిమితం. పెద్దమ్మకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, చదవాల్సి వస్తే తమిళమే చదువుతుంది. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను గనక ఇది రాయగలుగుతున్నాను. మా మాటలో తమిళం ఎంతగా కలిసిపోయిందంటే, సమయాన్ని మేం 'నేరం' అంటాం. తమిళంలో దానికి అదే అర్థం. ఒకసారి ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టం ఒకాయన ఎదుట పెద్దమ్మ "నేరం ఎంతాయ?" అని అడిగితే, ఆయన బిత్తరపోయి, ఇంట్లో ఎవరు ఏం చేశారోనని నా ముఖం చూశాడు.

మా ఇళ్లలో పాటకు ఒక పద్ధతి ఉంది. శుభకార్యంలో ఒకరే పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ఎత్తుకునే మనిషి ఎంత పైనుంచి మొదలుపెడితే అంత పైనుంచి, ఎంత నిదానంగా నడిపితే అంత నిదానంగా. అందుకునేవాళ్లకు సొంత అభిప్రాయాలు ఉండకూడదు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఎత్తుకునేది పెద్దమ్మే. ఆమె ఆడపడుచుకు ఆ స్థానం మీద ఎప్పటినుంచో కన్ను. ఒక పెళ్లిలో పెద్దమ్మ నోరు తెరిచేలోపే ఆవిడ ఎత్తేసుకుంది. పెద్దమ్మ ఊరుకుంటుందా, తనూ ఎత్తుకుంది. రెండో చరణానికల్లా ఆడవాళ్లు సగం ఇటు, సగం అటు అయ్యారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఆ రోజు పెళ్లివారందరికీ తెలిసింది. పెళ్లికూతురు నవ్వు ఆపుకోలేక తల వంచుకుంటే, సిగ్గుపడుతోందని మగపెళ్లివారు మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆడపడుచు మళ్లీ ప్రయత్నించలేదు, అయితే ఆశ కూడా వదులుకోలేదు.

అలాంటి పెద్దమ్మకు గొంతులో గడ్డ వచ్చింది. ప్రాణానికి భయం లేదు, ఆపరేషను చేసి తీసేస్తే సరిపోతుందన్నారు డాక్టరు. గొంతు తీరు మాత్రం మారొచ్చు, పైస్థాయి అందకపోవచ్చు, కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు అన్నారు. ప్రాణం సంగతి పెద్దమ్మ మళ్లీ ఎత్తలేదు. "పాడతానా?" అని మాత్రం అడిగింది. డాక్టరు స్కానింగు కాగితాలు సర్దుకుంటూ, చూద్దామమ్మా అన్నారు. చూద్దాం అనే మాటకు ఆసుపత్రిలో ఏం అర్థమో పెద్దమ్మకు బాగానే తెలుసు. 

ఆపరేషను తర్వాత కొన్ని వారాలకు కిరుమాంబాక్కం అనే ఊళ్లో ఆమె మనవరాలికి గాజుల వేడుక ఉంది. కూతురి కూతురు, తొలి కానుపు. కడుపుతో ఉన్న పిల్లను పీటమీద కూర్చోబెట్టి, వచ్చిన ముత్తయిదువలందరూ వరసగా రెండు చేతులకూ గాజులు తొడుగుతారు. చేతులు నిండేదాకా పాట ఆగకూడదు. అక్కడ పాట ఎవరు ఎత్తుకుంటారన్నది పెద్దమ్మకు పట్టుకున్న దిగులు. తను పాడలేకపోతే ఆ పని ఆడపడుచు చేతికి వెళ్తుంది. ఒకసారి వెళ్తే తిరిగిరాదు. మనవరాలి వేడుకలో, అందరి మధ్యా, నోరు మూసుకుని కూర్చోవాలి. ఆమెకు డాక్టరు కత్తి కంటే అదే ఎక్కువ భయం.

ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి అంది. "నీ పెట్టెలో నా పాట పట్టి పెట్టు మే. గొంతు పొయ్యిందనుకో, ఆడ అది పాడతాది. ఎత్తుకొనేది నేనే అయితాను గదా."

"పాడేది పెట్టె అయితే, ఎత్తుకొనేది నువ్వెట్ల అయితావు పెద్దమ్మా?"

"నా గొంతు యాడుంటే నేను ఆడుంటాను," అని లోపలికి వచ్చి కూర్చుంది.

ఆమెను ఒక్కదాన్నే మైకు ముందు కూర్చోబెట్టి పాడించుకుంటే పని సులువుగా అయిపోయేది. ఒప్పుకోలేదు. అందుకునేవాళ్లు లేకుండా ఎత్తుకుంటే చూసినవాళ్లు పిచ్చిదనుకుంటారంది. అందుకునేవాళ్లుగా ఇరుగుపొరుగు ఇద్దరిని పిలిచింది. మూడోది, నేను నమ్మలేకపోయాను, ఆడపడుచు. "దానికంటే బాగ అందుకొనేవాళ్లు యాడుండారు?" అంది. ఆ మాట ఆడపడుచుకు చెప్తే పొగడ్తగా తీసుకుంటుందో తిట్టుగా తీసుకుంటుందో తేల్చుకోలేక చెప్పలేదు.

ఇంతమందికి నా ఒక్క మైకు ఎటూ చాలదు. పెళ్లి వీడియోలు తీసే పరిచయస్తుడి దగ్గర మైకులు, వాటికి సరిపడా సాకెట్లున్న మరో పెట్టె అరువు తెచ్చాను. నాదానికంటే పెద్దది. రెండు పెట్టెలనూ సన్నటి ఆప్టికల్ కేబులుతో కలిపాను. ఇలా కలిపినప్పుడు ఒక పెట్టె గడియారం నడిపించాలి, రెండోది తన గడియారాన్ని పక్కనపెట్టి దాని వెంట నడవాలి. పెట్టె మెనూలో 'క్లాక్ సోర్స్' అని ఒక వరుస ఉంటుంది. నీ గడియారాన్నే నమ్ముకుంటావా, కేబుల్లో వచ్చే పక్కవాడి గడియారం వింటావా అని ఆ వరుస అడుగుతుంది. ఎప్పుడూ అవసరపడని వరుస గనక నేను దాని జోలికి పోలేదు. రెండు పెట్టెలూ ఎవరి గడియారాన్ని అవి నమ్ముకుని కూర్చున్నాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, చుట్టుపక్కల మిక్సీలు సద్దుమణిగాక, ఫ్యాన్లు ఆపేసి మొదలుపెట్టాం. పెద్దమ్మ ఎత్తుకుంది. నలుగురూ చెమటలు కక్కుతూ పాడారు. పాడినంతసేపూ బాగానే ఉంది. వెనక్కి వేసి విన్నప్పుడు మాత్రం పాట పొడుగునా ఎక్కడపడితే అక్కడ టిక్కు, టిక్కు. పోపులో ఆవాలు చిట్లినట్టు. రెండు గడియారాలూ వెంట్రుకవాసి తేడాతో నడుస్తూ, అప్పుడప్పుడు ఒక ముక్క జారవిడిచినప్పుడు వచ్చే చప్పుడు అది.

పెద్దమ్మ చెయ్యి తన గొంతు మీదికి పోయింది. "ఏంది మే ఆ సద్దు? నా గొంతులోదా?"

గడ్డ చప్పుడు చేస్తుందా అని ఆమె అడుగుతోంది. నవ్వాల్సిన ప్రశ్న కాదు. ఆమె కళ్లలో భయం చూశాక నోటికొచ్చిన మాట చెప్పేశాను. "నీ గొంతు కాదు పెద్దమ్మా. కడియారంతో వచ్చింది. రెండు కడియారాలు ఉండాయి గదా, ఒకదాంతో ఒకటి పొసగలా. ఒకదాన్ని నిలపాల. నేను చూసుకొంటాలే."

ఇంగ్లీషులో క్లాకు అనుంటే, అదేదో మిషను సంగతి అని వదిలేసేది. ఓదార్చే తొందరలో ఇంటిమాట వాడాను. మా ఇళ్లలో కడియారం అంటే ఒకటే, గోడకు ఉండేది.

ఆ తర్వాత కూర్చుని పెట్టెతో వచ్చిన పుస్తకం చదివాను. ఇంటర్నెట్టులో జనం ఏమంటున్నారో చూశాను. విడిగా గడియారం పెట్టెలే అమ్ముతారని అప్పుడే తెలిసింది. మంచి గడియారం పెడితే గొంతులో తేనె ఊరుతుందని కొందరు, అదంతా భ్రమ అని కొందరు పేజీలకు పేజీలు కొట్టుకున్నారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. నాకు తేనె అక్కర్లేదు, చిటపట ఆగితే చాలు. ఉన్న రెండింటిలో ఏది నడిపించాలన్నదే తేల్చాలి. మైకులు ఎక్కువ ఉన్నది అరువు పెట్టెకు. దాన్నే నడిపించనిచ్చి, నా చిన్న పెట్టెను కేబుల్లో వచ్చే గడియారం వినమన్నాను. పెద్దదాని మాట చిన్నది వినడం మా ఇళ్లలో మామూలే గనక నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఒక మైకు ముందు ఒకటి రెండు వాక్యాలు చదివి విన్నాను. చిటపట లేదు.

మళ్లీ పాడించుకునే రోజున పక్కింటికి వెళ్లి కుర్చీలు తెచ్చుకున్నాను. తిరిగొచ్చేసరికి పెద్దమ్మ వచ్చి కూర్చుని ఉంది. గదిలో ఏదో తేడాగా అనిపించింది. హాల్లోకి చూస్తే గోడమీద గడియారం లేదు, మేకు మాత్రం ఉంది. వంటింట్లో చూస్తే అక్కడా అంతే. మా ఇంట్లో ఉన్నవి ఆ రెండే గడియారాలు.

"బేటరీలు పీకి, తువ్వాలలో చుట్టి బీరువాలో పెట్టినా," అంది. "ఒకటి నిలపాలంటివి. ఏది నిలపాలో తెలియక రెండూ నిలిపినా. ఇంక పొసక్కపొయ్యేదానికి ఏముండాది?"

నడుస్తున్న గడియారాన్ని కావాలని ఆపకూడదని మా ఇళ్లలో గట్టి పట్టింపు. బ్యాటరీ అయిపోయి ఆగితేనే, ఇంటికి మంచిది కాదని పరుగున వెళ్లి కొత్తది తెచ్చి వేస్తాం. ఆ పట్టింపు నాకు నేర్పిందే పెద్దమ్మ. ఆసుపత్రికి వెళ్లబోతున్న మనిషి, తన చేతులతో రెండు గడియారాలు ఆపి బీరువాలో పెట్టింది. నాకు ఆ పట్టింపులమీద నమ్మకం లేదు. అయినా బీరువా తెరవబోయి ఆగాను.

"ఇట్ల చెయ్యొచ్చా పెద్దమ్మా, ఈ సమయంలో?"

"పాట చెడిపోతే దానికంటే కీడు ఏముండాది? మొదలుపెట్టు, నేరమాయ," అంది. ఎంత నేరమైందో చూసుకోవడానికి ఇంట్లో గడియారం లేదు.

ఆ రోజు పాటలు కుదిరినట్టు మళ్లీ కుదరవు. పెద్దమ్మ ఎప్పటికంటే పైనుంచి ఎత్తుకుంది. ఆడపడుచు వంక పెట్టకుండా అందుకుంది. మధ్యలో ఒకచోట పెద్దమ్మ ఊపిరి అందక ఆగబోతే, ఆవిడే ఒక మాట సాగదీసి సందు ఇచ్చింది. అక్కడే, అవే పెట్టెల మీద వెనక్కి వేసి విన్నాం. ఒక్క చిటపట లేదు. పెద్దమ్మ ఖాళీ గోడవైపు చెయ్యి చూపించి, "చూసినావా?" అంది. కాకి వాలడం, తాటిపండు పడడం. గడియారం సంగతి విడమరిచి చెప్పడానికి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మూసుకున్నాను. అన్నీ తెలిసినట్టు సరిదిద్దే నా నోరు అలా మూతపడడం అరుదు.

అరువు సామాను తిరిగిచ్చేశాను. పెద్దమ్మ ఆసుపత్రిలో చేరింది. ఆపరేషను సవ్యంగా జరిగిందని కబురు వచ్చాక, మనసు కుదుటపడి, పాటలు కత్తిరించి పెడదామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. నా చిన్న పెట్టె ఇప్పుడు మళ్లీ ఒంటరిది, తన గడియారం తను చూసుకుంటోంది. పాట వేశాను. పెద్దమ్మ గొంతు కాదు అది. ఎవరో బరువైన మనిషి, తొందర లేకుండా, కిందినుంచి పాడుతోంది. ఆడపడుచు గొంతైతే ఇంచుమించు మగగొంతులా ఉంది.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. వీడియోల పనిలో సెకనుకు నలభై ఎనిమిది వేల ముక్కలు కోయడం మామూలు. నేను నా ప్రకటనలకు వాడేది నలభై నాలుగు వేల ఒక వంద. అరువు పెట్టె మొదటిరోజు నా అంకె మీదే ఉంది; నడిపించమని మెనూ మార్చినప్పుడు తన అలవాటు అంకెకు తిరిగిపోయి, ఆ వేగంతో నడిపించింది. నా పెట్టె దాని వెంట నడిచింది. కంప్యూటరు మాత్రం ఫైలు మీద నా పాత అంకే రాసుకుంది. ఆ రోజు అదే గడియారం మీద విన్నాం గనక ఎవరికీ తేడా తెలియలేదు. ఆ గడియారం ఇంటికి పోయాక, ఎక్కువ వేగంతో కోసిన ముక్కలు తక్కువ వేగంతో బయటికి వస్తున్నాయి. అందుకే పాట సాగింది, గొంతు దిగింది. ఏ గడియారం నడిపించాలో ఎంచుకున్నాను గానీ, అది ఎంత వేగంతో నడుస్తోందో అడగలేదు.

తప్పును తప్పుగా ఉండనివ్వడం నా వల్ల కాదు. పాట చెడిపోలేదు, ముక్కలన్నీ భద్రంగానే ఉన్నాయి. ఫైలు మీద ఒక అంకె మారిస్తే చాలు. మార్చి మరో ప్రతి తీశాను. వెంటనే పెద్దమ్మ గొంతు, ఆ రోజు గదిలో విన్నది విన్నట్టు, పైనుంచి దూకింది. మొదటిదానికి 'తప్పు' అని, రెండోదానికి 'సరి' అని పేర్లు పెట్టాను.

పెద్దమ్మ ఇంటికొచ్చాక కొన్నాళ్లు డాక్టరు మాట ప్రకారం మౌనంగా ఉంది. ఆమె మౌనం ఆ ఇంట్లో ఎవరూ భరించలేకపోయారు. తర్వాత మాట వచ్చింది. బొంగురు లేదు, కానీ గొంతు కిందికి దిగింది. పైకి వెళ్లబోతే జీరపోయి గాలి మిగులుతోంది. ఇంట్లో పాడి చూసుకుందో లేదో నాకు తెలియదు. మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుని, ఒక మధ్యాహ్నం మా ఇంటికి నడిచొచ్చింది.

"వెయ్యి," అంది.

'సరి' వేశాను. తన గొంతు విని మొదట ముఖం వికసించింది. కాసేపయ్యాక పెదవులు కదిలాయి. మనవరాలి వేడుకలో పెట్టె పాడితే పక్కన బొమ్మలా కూర్చోవడం ఇష్టం లేక, దాంతోపాటు తనూ పాడదామనుకుందని అప్పుడు అర్థమైంది. రెండో చరణంలో పాట పైకెక్కేచోట ఆమె నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. స్పీకరులోని పెద్దమ్మ ఆగకుండా ముందుకు వెళ్లిపోయింది.

"నిలుపు మే," అంది. "అదెవత్తో నన్ను వెక్కిరిస్తా ఉండాది."

నాకు జాలి వేసింది, ఆ జాలి ఆమెకు కనిపిస్తే ఊరుకోదని భయమూ వేసింది. మాట మార్చడానికి, ముందు ఇది తప్పుగా పడిందనీ, తర్వాత సరిచేశాననీ ఏదో చెప్పాను.

"తప్పుగా అంటే?"

"గొంతు దిగిపొయ్యి, ఈడ్చుకొంటా ఉంటాది. అది పనికిరాదులే."

"అదీ వెయ్యి, చూస్తాం."

"అది తప్పు పెద్దమ్మా."

"తప్పని నువ్వు చెప్పినావు, నేను ఇన్నాను. వెయ్యి."

వేశాను. పాట నిదానంగా, కిందినుంచి మొదలైంది. పెద్దమ్మ తల పక్కకు వంచి వింది. తర్వాత ఎప్పుడు పాడడం మొదలుపెట్టిందో నేను గమనించలేదు. స్పీకరులో గొంతు, కుర్చీలో గొంతు ఒకటే అయ్యేసరికి అప్పుడు చూశాను. పైకెక్కే చోటు వచ్చింది. ఎక్కింది. జీర లేదు. గుక్క తిప్పుకోవడానికి కూడా సందు దొరికింది. పాట అయిపోయాక ఆమె మెడ గుడ్డ సర్దుకుని, "ఇంత కింద నించి ఎత్తుకొంటే పాట చచ్చిపోతాదనుకొంటి. చావలా," అంది.

నాకు పని మిగల్లేదు. సరైనదాన్ని చేసినదాన్ని నేను, ఆమెకు పనికొచ్చింది తప్పుది.

వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. "ఆ మంచిదాన్ని తీసెయ్ మే."

"ఎందుకు? అది నీ అసలు గొంతు గదా."

"అది ఉంటే అందరూ దాంతో నన్ను కొలుస్తారు. నేను కూడా కొలుచుకొంటాను. తీసెయ్."

ఆమె చూస్తుండగానే తీసేశాను. ఆ ముక్కలన్నీ ఆ తప్పుదాంట్లోనే ఉన్నాయని, అంకె మారిస్తే మళ్లీ ఆ గొంతే వస్తుందని ఆమెకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. మార్చి విననూ లేదు.

కిరుమాంబాక్కంలో వేడుక రోజున హాలంతా ఆడవాళ్లతో నిండిపోయింది. మనవరాలు పీటమీద, కొత్త చీరలో ఊపిరాడక విసుగ్గా కూర్చుని ఉంది. పెద్దమ్మ ఆమెకు కుడిపక్కన, పెద్దమ్మ వెనకే ఆడపడుచు. నేను ఫోను, చిన్న స్పీకరు పట్టుకుని గోడవారన ఉన్నాను. తొలి గాజు తొడగగానే పాట వదిలాను. పెద్దమ్మ దాంతో కలిసి ఎత్తుకుంది. స్పీకరు ఎక్కడ ఆగుతోందో, మనిషి ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు. అందుకునేవాళ్లు అందుకున్నారు.

ఒక పాట అయ్యాక పక్కనున్న ముసలావిడ పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆపరేషను చేసినారంటిరే. రికార్డులో ఎట్లుండాదో ఇప్పుడూ గొంతు అట్లనే ఉండాదే. రవంత కూడా మారలా."

పెద్దమ్మ నావైపు చూడలేదు. "దేవుడి దయ," అంది. నేను తర్వాతి పాట వదిలాను.

మేం రికార్డు చేసుకున్న పాటలు ఒక్కొక్కటీ అయిపోయాయి. ముత్తయిదువలు ఇంకా వస్తూనే ఉన్నారు. ఇంతమంది వస్తారని ఎవరూ అనుకోలేదు. పిల్ల ఎడమచేతికి గాజులు సగం కూడా నిండలేదు. స్పీకరు ఆగిపోయింది. హాల్లో గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పాట ఆగకూడదు. అందరూ పెద్దమ్మ ముఖం చూశారు. పెద్దమ్మ మెడ గుడ్డమీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆమె వెనక ఆడపడుచు నిటారుగా అయి, గుండెల నిండా గాలి పీల్చుకుంది. నేను మొదటి పాటే మళ్లీ వేద్దామని ఫోనులో వెతుకుతున్నాను, అది దొరకడం లేదు.

పెద్దమ్మ ఎత్తుకుంది. రికార్డులో లేని పాట. అది కూడా కిందినుంచి, బాగా కిందినుంచి, తొందర లేకుండా. తోడుగా ఏ గొంతూ లేదు. మొదటి వరుస ముగిసేచోట కొంచెం వణికింది, అయినా నిలబడింది.

ఆడపడుచు పీల్చుకున్న గాలిని అలాగే పట్టుకుని, ఒక్క క్షణం పెద్దమ్మ వీపువైపు చూసింది. తర్వాత తన గొంతును ఎన్నడూ దించనంత కిందికి దించి, అందుకుంది.